పల్లవి దాటి చరణంలోకి

పాటలు, పుస్తకాలు, సీరియళ్లలోని లోతుపాతుల మీద పాఠకులు పంపిన ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: సార్, నమస్కారం. హైస్కూల్లో తెలుగు చెబుతున్నాను. ఆగస్టు 15కి పిల్లల చేత ‘పాడవోయి భారతీయుడా’ పాడిస్తున్నాం. ఈసారి పాటతో పాటు దాని అర్థం కూడా చెప్పించమన్నారు మా హెడ్మాస్టారు. కఠిన పదాలకు అర్థాలు చెబితే పది నిమిషాల్లో అయిపోతుంది. అంతకు మించి ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి?

జవాబు: టీచర్ గారూ, రెండు పీరియడ్లకు సరిపడా సరుకుంది అందులో. పల్లవి దగ్గర ఆగిపోయినవాళ్లకు అది పండగ పాట. చరణాల్లోకి వెళ్లినవాళ్లకు మాత్రం పండగ చేసుకుంటున్న మనిషిని భుజం పట్టి నిలబెట్టి అడిగే పాట. 1961లో వచ్చిన ‘వెలుగునీడలు’ సినిమా కోసం శ్రీశ్రీ రాశారు. అప్పటికి స్వాతంత్ర్యం వచ్చి పద్నాలుగేళ్లు. ముందు ఈ లెక్క బోర్డు మీద రాయండి. పద్నాలుగేళ్లంటే మీ తరగతిలో పిల్లల వయసే కాబట్టి, ఆ పాట ఏ దశలో ఉన్న దేశంతో మాట్లాడుతోందో వాళ్లకు చప్పున తడుతుంది.

తర్వాత పాట మొత్తం రాయించండి. ఇంటర్నెట్‌లోంచి ప్రింటు తీసి ఇవ్వద్దు. అక్కడ దొరికే సాహిత్యంలో అక్షరదోషాలు, ఎగిరిపోయిన పంక్తులు సర్వసాధారణం. పాట మూడుసార్లు వినిపించండి. మొదటిసారి పిల్లల చేతిలో కాగితం ఉండకూడదు, ఊరికే వినాలి. రెండోసారి ఒక్కో పంక్తికి ఆపుతూ రాయించాలి. మూడోసారి రాసుకున్నది సరిచూసుకుంటూ వినాలి. ఒక పీరియడ్ దీనికే పోతుంది, పోనివ్వండి. చెవితో విని చేత్తో రాసిన పంక్తి మీద పిల్లలకు పట్టు దొరుకుతుంది.

రెండో పీరియడ్‌లో ఒకే పని పెట్టండి. పాటలో ‘ఓయి’ అని పిలిచి చేయమంటున్న పనులన్నిటి కిందా గీత గీయమనండి. మొదట ‘పాడవోయి’. ఒక చరణం అయ్యాక ‘ఆగకోయి’, ‘సాగవోయి’. ఇంకొంత దూరం పోయాక ‘కాంచవోయి’, ‘ఎదిరించవోయి’. పిలిచే గొంతు, పిలిపించుకునే మనిషి మారలేదు. చేయమంటున్న పని మారింది. పాడమన్నవాడే ఆగద్దన్నాడు, చూడమన్నాడు, చివరికి ఎదిరించమన్నాడు. పాట నడక ఈ క్రియల్లో ఉంది. పిల్లలు ఈ వరసను వాళ్లంతట వాళ్లే పట్టుకుంటారు, మీరు ముందుగా చెప్పేయకండి.

ఆ తర్వాత ‘విజయం’ అన్న మాట ఎన్నిచోట్ల వచ్చిందో వెతికించండి. పల్లవిలో విజయగీతం పాడమన్న కవి, చరణంలోకి రాగానే సాధించినదానితో తృప్తిపడి దాన్నే విజయమనుకుంటే పొరపాటు అంటాడు. అంటే తన పల్లవినే తాను ప్రశ్నించుకున్నాడు. అలాగే కాలాలు చూపించండి. పల్లవిలో అంతా ‘నేడే’. చివరికి వచ్చేసరికి దేశం లోకానికి శుభ సందేశం అందించడం భవిష్యత్తులోకి వెళ్లిపోయింది, అదీ గమ్యం చేరిన నాడు. నేడు అన్న పాట రేపటిలో ముగిసింది.

దారి తప్పే చోట్లు రెండున్నాయి. శ్రీశ్రీ రాజకీయ భావాలతో పాఠం మొదలుపెడితే పిల్లలు పాట మీద ఒక ముద్ర వేసుకుని వినడం మానేస్తారు. ‘సమసమాజం’ అన్న మాట పాటలోనే ఉంది. అది వచ్చినప్పుడు చెప్పండి, చాలు. రెండోది, ధరలు, నిరుద్యోగం, చీకటి బజారు అన్న ఫిర్యాదుల జాబితా చూసి ఇది దేశాన్ని తిట్టే పాట అనే పిల్లవాడు ఒకడైనా ఉంటాడు. వాణ్ని కసరద్దు, మంచి ప్రశ్నే వేశాడు. ఆ చరణంలో కవి ‘ఈ దేశం’ అనలేదు, ‘నీ దేశం’ అన్నాడని చూపించండి. దిగజారుతున్నదాన్ని నీది అని అప్పగిస్తున్నాడు. తిట్టి దులుపుకుపోయేవాడు అలా అనడు.

ఇంకొక్క మాట. కార్యక్రమానికి టైము లేదని మొదటి చరణంతో కోసేయకండి. రెండు నిమిషాలే ఇస్తే పల్లవి పాడించి, ధరల ప్రస్తావన ఉన్న చరణం పాడించండి. ఉత్త పల్లవి పాడితే కవి కాదన్న మాటనే కవి మాటగా పాడినట్టవుతుంది.

ప్రశ్న: ‘అహ నా పెళ్ళియంట’ పాటను పెళ్లి వీడియోల్లో పెడుతుంటారు. అసలు అది పెళ్లిని వెక్కిరించే పాట, పెట్టకూడదు అని మా బాబాయి వాదిస్తున్నారు. ఎవరిది నిజం?

జవాబు: సినిమాలో సందర్భం వరకు మీ బాబాయిదే నిజం. 1957 నాటి ‘మాయాబజార్’లో ఆ పాట పాడేది శశిరేఖ కాదు, శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడు. అసలు శశిరేఖ అప్పటికే అక్కడ లేదు. లక్ష్మణకుమారుడితో జరగబోయే పెళ్లి జరగదని పాడేవాడికి తెలుసు. అందుకే సుశీల గొంతు మధ్యలో ఘంటసాల గొంతు తొంగిచూస్తుంది, సావిత్రి నడకలో మగరాయుడు బయటపడతాడు. పంక్తి పంక్తికీ ‘అంట’ అని ముగించడం కూడా వినండి. నిజంగా పెళ్లికూతురైన పిల్ల నా పెళ్లి అంటుంది గానీ నా పెళ్లంట అని ఎవరో చెప్పినట్టు అనదు.

అయితే పాట సినిమాలోంచి బయటికొచ్చి అరవై ఏళ్లు దాటింది. వీడియోలో పెట్టుకునేవాళ్లు ఆ హుషారును తీసుకుంటున్నారు, ఆ హుషారు పాటలో ఉన్నదే. పెట్టుకోనివ్వండి. ‘ఈ పాటకు అర్థం ఇదీ’ అని ఎక్కడైనా రాసేటప్పుడు మాత్రం ఎవరు, ఎవరి వేషంలో, ఎవరి ముందు పాడుతున్నారో చెప్పకుండా రాయకండి. ఏ సినిమా పాటకైనా మొదట అడగాల్సినవి ఈ మూడే.

ప్రశ్న: ‘మనసున మనసై’ పాట మీద వ్యాసం రాశాను. ఆత్రేయ గారి జీవితంలోని ఒంటరితనం ఆ పాటలో ఎలా పలికిందో వివరించాను. పత్రికవాళ్లు తిప్పి పంపారు. ఎక్కడ తప్పింది?

జవాబు: ఆ పాట ఆత్రేయది కాదండీ, శ్రీశ్రీది. 1964లో వచ్చిన ‘డాక్టర్ చక్రవర్తి’ కోసం రాశారు. ఈ పొరపాటు చాలామంది చేస్తారు, దానికి కారణమూ ఉంది. మనసు మీద అన్ని పాటలు రాసి మనసు కవి అనిపించుకున్నది ఆత్రేయ కాబట్టి, మనసు కనబడగానే పేరు అటు వెళ్లిపోతుంది. శ్రీశ్రీ అంటే విప్లవ గీతమే అనుకోవడం రెండో కారణం.

రాసే ముందు కవి పేరును కనీసం రెండు చోట్ల సరిచూడండి. సినిమా టైటిల్స్‌లో ఒక్కోసారి కవుల పేర్లన్నీ ఒకేచోట వేస్తారు, ఏ పాట ఎవరిదో తేలదు. అప్పుడు ఆనాటి పాటల పుస్తకం గానీ, రికార్డు లేబుల్ గానీ, కవి సినిమా పాటల సంపుటి గానీ చూడాలి. వీడియో కింద ఎవరో రాసిన వివరాలను సాక్ష్యంగా తీసుకోవద్దు.

పేరు మార్చి అదే వ్యాసం పంపుదామనుకుంటారేమో, అది నిలబడదు. పాటలో ఉన్నదాన్ని వదిలి కవి జీవితంలో వెతికిన అర్థం అది. కవి మారగానే కూలిపోయిందంటే పాట మీద కట్టినది కాదన్నమాట. సినిమా పాటలో సందర్భం కథకుడిది, పాడేది పాత్ర. చాలాసార్లు బాణీ ముందు పుడుతుంది, ఆ కొలతకు మాటలు కూర్చాలి. అంచేత ప్రతి ‘ఓహో’లోనూ, బాణీ నింపడానికి రెట్టించిన ప్రతి మాటలోనూ కవి గుండెను వెతకడం అన్యాయం. మీ వ్యాసంలోంచి జీవిత చరిత్ర పేరాలన్నీ తీసేసి చూడండి. పాట పంక్తుల మీద మీరు చెప్పింది ఎంత మిగిలితే అంత మీ వ్యాసం. అక్కడినుంచి మళ్లీ పెంచండి.

ప్రశ్న: మేడమ్, ‘కన్యాశుల్కం’ మొదటిసారి చదివాను. గిరీశం మోసగాడని తెలుస్తూనే ఉంది, అయినా అతను లేని రంగాలు చప్పగా అనిపించాయి. నా చదువులోనే లోపం ఉందా? పెద్దలు చెప్పే సంఘ సంస్కరణ సందేశం నాకు ఎందుకు అందలేదు?

జవాబు: లోపం లేదమ్మా. గిరీశం మీకు నచ్చాలనే గురజాడ అలా రాశారు. నచ్చకపోతే నాటకం పనిచేయదు. సందేశం అందలేదంటున్నారు గానీ, సగం అందినట్టే.

ఒక చిన్న పని చేయండి. కాగితం మీద నాలుగు గడులు గీయండి. గిరీశం ఏమన్నాడు, ఎవరితో అన్నాడు, ఆ మనిషికి ఏం కావాలి, అన్న తర్వాత గిరీశానికి ఏం ముట్టింది. రంగం తర్వాత రంగం నింపుకుంటూ పోండి. వెంకటేశానికి పరీక్ష పోయింది, ఇంట్లో తిట్లు తప్పాలి. గిరీశానికి అప్పులవాళ్ల నుంచి, పూటకూళ్లమ్మ నుంచి తప్పించుకుని ఊరు దాటాలి. చదువు చెప్పడానికి వెంట వస్తానంటాడు, ఇద్దరి పనీ అయిపోతుంది. వితంతువైన బుచ్చమ్మ దగ్గర వితంతు వివాహం గురించి ఎంత బాగా మాట్లాడతాడో చూడండి. ఆ మాటల్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు. తప్పు నాలుగో గడిలో ఉంటుంది. పది రంగాలు నింపేసరికి ఆ చివరి గడి ఎప్పుడూ ఖాళీగా లేదని మీకే కనిపిస్తుంది.

నాటకం లోతు అక్కడుంది. మంచి మాట ఒకటి, దాన్ని పలికే నోరు ఒకటి. ఆ కాలానికి అత్యవసరమైన సంస్కరణను గురజాడ నమ్మదగని నోట పెట్టారు. దాన్నిబట్టి సంస్కరణంతా బూటకమని ఆయన అన్నారనుకునేవాళ్లున్నారు. అది తొందరపాటు. అదే నాటకంలో సౌజన్యారావు పంతులు ఉన్నారు, ఆయన చిత్తశుద్ధిని నాటకం ఎక్కడా శంకించదు. కాకపోతే ఆయన కళ్లకూ ఒక గంత ఉంది. వేశ్య అన్న పేరు వింటేనే ముఖం తిప్పుకునే మనిషి. చివరికి ఆయన కేసుకు ఆధారం దొరికేదీ, గిరీశం గుట్టు బయటపడేదీ వేశ్య అయిన మధురవాణి వల్లే. అబద్ధాలు చెప్పడం వృత్తిగా ఉన్న మనిషి నిజం నిలబెట్టింది, నిజాలు వల్లించే మనిషి అబద్ధంగా తేలాడు. ఈ రెండు పాత్రల్నీ పక్కపక్కన పెట్టి చదవండి, మీరడిగిన సందేశం అక్కడ దొరుకుతుంది.

ఏ ప్రతి చదివారో కూడా చూసుకోండి. నాటకం మొదట 1892లో ఆడింది, 1897లో అచ్చయింది. 1909లో గురజాడ దాన్ని దాదాపు తిరగరాసి, బాగా పెంచి మళ్లీ అచ్చు వేయించారు. మనం మామూలుగా చదివేది ఈ రెండోదే. మధురవాణి ఇంత ఎత్తుకు ఎదిగింది అందులోనే. కుదించిన ప్రతులూ, పాఠ్యభాగాలూ చదివితే గిరీశం చమత్కారాలు మిగిలి, ఆమె పోతుంది.

ప్రశ్న: వెబ్ సిరీస్‌లు, సీరియళ్లు చూసి వాటి మీద విశ్లేషణలు రాస్తుంటాను. ఒక సిరీస్‌లో కథానాయిక తరచూ కిటికీ దగ్గర నిలబడుతుంది. అది ఆమె బందీ అని చెప్పే సంకేతం అని రాశాను. “అంత సీన్ లేదు, అతిగా ఊహిస్తున్నావ్” అన్నారు ఫ్రెండ్స్. ఊహకు హద్దు ఎక్కడ?

జవాబు: ఒప్పుకోవడానికీ కొట్టేయడానికీ ముందు పరీక్షించండి. కిటికీ దగ్గర ఆమె ఒక్కతే నిలబడుతుందా, అందరూ నిలబడతారా? ఇంటి సెట్‌లో కెమెరాకూ లైట్లకూ వీలైన చోట్లు కొన్నే ఉంటాయి, కిటికీ అందులో ఒకటి. అందరూ అక్కడికే వస్తుంటే అది కెమెరామెన్ అవసరం, సంకేతం కాదు. ఆమె ఒక్కతే అయితే ఇంకో మెట్టు ఎక్కండి. ఆ కిటికీ దగ్గర ఏదైనా మారుతోందా? మొదటి ఎపిసోడ్‌లో మూసి, మధ్యలో ఓరగా, ఆఖర్లో బార్లా తెరిచి ఉంటే, లేదా ఆమె ఇల్లు వదిలే రోజున దాని వంక చూడకుండా వెళ్లిపోతే, మీ మాటకు బలం వచ్చినట్టే. ఒకసారి వచ్చింది కాకతాళీయం కావచ్చు. పదేపదే వస్తూ, కథ మలుపుల దగ్గరే వస్తూ, వచ్చినప్పుడల్లా కొంచెం మారుతుంటే అది ఎవరో కావాలని పెట్టింది. మొదటి ఎపిసోడ్ మొదటి పది నిమిషాలు, చివరి ఎపిసోడ్ చివరి పది నిమిషాలు వెంటవెంటనే చూడండి. మధ్యలో వారాల తరబడి చూసినప్పుడు జారిపోయినవి అప్పుడు బయటపడతాయి.

ఆ తర్వాత మీ అర్థానికి ఎదురు తిరిగే సీన్ ఒకటి మీరే వెతకండి. ఆమె అదే కిటికీ దగ్గర నిలబడి హాయిగా నవ్విన సీన్ ఉందా? ఉంటే దాన్ని దాచకండి, రాయండి. దాన్ని కూడా కలుపుకునేలా మీ మాట సవరించుకోండి. విశ్లేషణకు నమ్మకం తెచ్చేది అదే. ఎరుపంటే కోపం, వానంటే దుఃఖం, అద్దమంటే రెండు ముఖాలు అనే రెడీమేడ్ పట్టికలు మాత్రం వాడకండి. ఆ సిరీస్‌లో ఆ రంగు ఏం చేస్తోందో అంతవరకే మాట్లాడాలి.

డైలీ సీరియల్ సంగతి వేరు. రేటింగ్‌ను బట్టి కథ సాగుతుంది, నటి మానేస్తే పాత్రే ఊరెళ్లిపోతుంది. అలా సాగదీసిన భాగాల్లో సంకేతాలు ఏరడం వృథా శ్రమ. కథ ఎన్ని వంకర్లు పోయినా మారనివాటిని పట్టుకోండి. ఇంట్లో నిర్ణయం ఎవరిది, తప్పు చేసిన మగవాడికి ఎన్ని ఎపిసోడ్లలో క్షమాపణ దొరికింది, ఆడదానికి ఎన్నిట్లో, ఒక మాట పడ్డాక కెమెరా ఎవరి ముఖం మీద ఆగింది. ఇవి వారం రోజులు నోట్ చేసుకుంటే ఆ సీరియల్ ఏం నమ్ముతోందో దాని మాటల కన్నా స్పష్టంగా తెలుస్తుంది.

ప్రశ్న: ఒక పాటకు నేను చెప్పిన అర్థం నేననుకోనేలేదని రాసిన కవే ఇంటర్వ్యూలో అన్నారు. ఇక నాది తప్పేనా?

జవాబు: తప్పనిసరిగా కాదు. రచయిత ఉద్దేశాన్ని కృతికి కొలబద్దగా పెట్టకూడదని 1946లో విమ్సాట్, బియర్డ్‌స్లీ అనే ఇద్దరు అమెరికన్ విమర్శకులు వాదించారు. మన వైపు అంతకు వెయ్యేళ్ల ముందే, తొమ్మిదో శతాబ్దపు కశ్మీరంలో, ఆనందవర్ధనుడు ధ్వని సిద్ధాంతం, అంటే మాటల్లో నేరుగా లేని అర్థం వాటి వెనక స్ఫురిస్తుందనే సిద్ధాంతం, చెప్పాడు. ధ్వనిని వివరించేవాళ్లు వాడే ఉదాహరణ ‘గంగలో పల్లె’. నీళ్లలో పల్లె ఉండదు కాబట్టి గంగ ఒడ్డున అని తీసుకుంటాం. అది లక్షణ. ఒడ్డున అనకుండా గంగలో అన్నందువల్ల చల్లదనం, పవిత్రత తోస్తాయి. అది వ్యంజన. ఇందులో గమనించాల్సింది, చల్లదనం మాటల్లో లేకపోయినా మాటల దారినే వచ్చింది. మీరు చెప్పిన అర్థం కూడా పాటలోని ఫలానా పంక్తి దారిన వచ్చిందని చూపించగలిగితే కవి కాదన్నా నిలుస్తుంది. చూపించలేకపోతే కవి ఔనన్నా నిలవదు. కానీ ‘కవి ఇలా అనుకున్నారు’ అని మాత్రం రాయకండి. ఆయన ఏమనుకున్నారో ఆయన చెప్పారు. ‘పాట ఇలా అంటోంది’ అని రాయండి.

ప్రశ్న: నాన్న పోయాక ఒక ప్రేమ పాట విన్నప్పుడల్లా ఆయనే గుర్తొచ్చి కన్నీళ్లు ఆగవు. ఆ పాటకూ నాన్నకూ సంబంధమే లేదు. దాని గురించి రాయాలనుంది, నవ్వుతారేమోనని భయం.

జవాబు: రాయండమ్మా, ఎవరూ నవ్వరు. ప్రేమ పాటల్లో సగం విడిపోయినవాళ్ల కోసం పుట్టినవే. వెళ్లిపోయింది ప్రియుడా, తండ్రా అన్నది పల్లవి పలికే ‘నువ్వు’కు పట్టదు. మీకు ఆ పాట ఎందుకు తాకిందో అందులోనే జవాబు ఉండవచ్చు.

ముందు పాట మొత్తం రాసుకుని, కళ్లు చెమర్చేది సరిగ్గా ఎక్కడో గుర్తు పెట్టండి. పాటంతా అని అనిపిస్తుంది గానీ, తీరా చూస్తే ఒక పంక్తి, ఒక్కోసారి రెండు పంక్తుల మధ్య వేణువు. ఆ చోటు దొరికితే రాయడం సగం అయినట్టే. మొదటి పేరాలో పాట సినిమాలో ఎవరిదో, ఎప్పటిదో చెప్పేయండి. అది ప్రేమ పాటేనని మీరే ముందుగా అనేస్తే చదివేవాళ్లకు పేచీ ఉండదు. తర్వాత ఆ పంక్తి. ఆ తర్వాత నాన్న. ఆయన గురించి ఆ పంక్తికి తగిలే ఒకే ఒక్క సంగతి తీసుకోండి, చేతి గడియారమో, గుమ్మంలో పిలిచే తీరో. జీవితమంతా చెప్పబోతే పాట మరుగున పడుతుంది. ‘ఈ పాటకు అర్థం ఇది’ అనే వాక్యం ఎక్కడ రాసినా దాని పక్కన ‘నాకు’ అని చేర్చుకుంటూ వెళ్లండి. ఐదారు వందల మాటల్లో ముగించవచ్చు. రాశాక పాట మళ్లీ విని, ఆ పంక్తిని మీరు సరిగ్గా ఎత్తిరాశారో లేదో చూసుకోండి. గుండెకు దగ్గరైన పంక్తిని మనకు తెలియకుండానే మార్చి గుర్తుపెట్టుకుంటాం. మారిన మాట దొరికితే కొట్టేయకండి, దాన్ని గురించి కూడా రాయండి.

ప్రశ్న: వ్యాసంలో పాట పంక్తులు ఎన్ని వాడుకోవచ్చు? నాలుగు దాటకూడదంటారు, నిజమేనా?

జవాబు: అలాంటి లెక్క చట్టంలో లేదు. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ విమర్శ, సమీక్షల కోసం సముచితంగా వాడుకోవడానికి వీలిస్తుంది. మీరు మాట్లాడుతున్న పంక్తిని మాత్రమే ఎత్తి, కవి పేరు, సినిమా పేరు రాయండి. పాట మొత్తం దింపి కింద రెండు ముక్కలు రాస్తే అది సమీక్ష అనిపించుకోదు. రచయిత పోయిన తర్వాత అరవై ఏళ్ల దాకా హక్కు ఉంటుంది. శ్రీశ్రీ 1983లో పోయారు, అంటే ఆయన పాటలకు 2043 చివరి వరకు. గురజాడ 1915లోనే పోయారు కాబట్టి ‘కన్యాశుల్కం’ నుంచి రంగాలకు రంగాలైనా ఎత్తిరాసుకోవచ్చు.